కాటా మీద లారీ, ఫైల్లో ఒక 'ఎస్'

ప్రశ్న (గుణుపురం, రాయగడ జిల్లా నుంచి ఒక పాఠకుడు): అక్కా, నమస్తే. ఇక్కడ ఒక రైస్ మిల్లులో కాటా కంప్యూటర్ నేనే చూస్తాను. ఉబుంటు వేసిన పాత డెస్క్‌టాప్. బరువు చదివే ప్రోగ్రాం ఒకటి, చీటీ ప్రింట్ చేసేది ఒకటి, షావుకారు ఫోనుకి మెసేజ్ పంపేది ఒకటి. మూడూ నోడ్‌లో, అంటే జావాస్క్రిప్ట్‌లో రాసినవే. ప్రోగ్రాములని నడుపుతూ, పడిపోతే మళ్లీ లేపే పీఎం2 మీద నడుస్తాయి. బరువు ప్రోగ్రాం రెండు మూడు రోజులు ఆగకుండా నడిస్తే మెమరీ అంతా తినేస్తుంది. అందుకని 300 ఎంబీ దాటితే దానంతట అదే రీస్టార్ట్ అయ్యేలా పీఎం2 సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో రాశాను. అయినా మొన్న ధాన్యం సీజన్‌లో సిస్టం మొత్తం బిగుసుకుపోయింది. కాటా మీద ఒక లారీ, గేటు బయట ఏడు. ఆ రోజు నేను పడ్డ టెన్షన్ చెప్పలేను. రాత్రి కూర్చుని చూస్తే నేను రాసిన మాట చివర ఒక 'ఎస్' ఎక్కువ పడింది. పీఎం2 ఒక్క ఎర్రర్ కూడా చూపించలేదు. విశాఖలో మా ఫ్రెండ్ లాప్‌టాప్‌లో రెండక్షరాలు కొడితే మిగతా మాట అదే వచ్చేస్తుంది. నేను ఫైళ్లు రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో ఏవో మాటలు వస్తాయి గానీ పనికొచ్చేవి రావు. కంట్రోల్-స్పేస్ నొక్కమన్నాడు. నొక్కితే ఆ తర్వాత ఒడియా అక్షరాలు పడుతున్నాయి. అసలు ఏ బటన్ నొక్కాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 'ఎస్' సంగతి చూద్దాం. పీఎం2లో 'మ్యాక్స్_రీస్టార్ట్స్' అని ఒక మాట ఉంది. దాని చివర ఎస్ ఉంటుంది. ప్రోగ్రాం లేచీ లేవగానే పడిపోతుంటే వరసగా ఎన్నిసార్లు లేపి చూడాలో అది చెప్తుంది. నీకు కావాల్సింది 'మ్యాక్స్_మెమరీ_రీస్టార్ట్'. దీని చివర ఎస్ లేదు. రెండూ ఒకే ఫైల్లో పక్కపక్క లైన్లలో రాసుకుంటాం. ఒకదానికి ఎస్ ఉండి రెండోదానికి లేకపోతే చెయ్యి ఎటు పోతుందో నాకు తెలుసు. నా చెయ్యీ పోయింది.

పీఎం2 ఎర్రర్ ఎందుకు ఇవ్వలేదంటే, అది నీ ఫైలుని పైనుంచి కిందికి నీలా నాలా చదవదు. దాని దగ్గర తనకు తెలిసిన మాటల పట్టిక ఒకటి ఉంటుంది. ఆ పట్టిక పట్టుకుని "ఈ మాట ఉందా, ఈ మాట ఉందా" అని నీ ఫైల్లో వెతుక్కుంటుంది. తెలిసిన మాటే దొరికి, దానికి నువ్వు ఇచ్చిన విలువ వేరే రకంగా ఉంటే అరుస్తుంది. పట్టికలో లేని మాట జోలికి మాత్రం పోనే పోదు. పెళ్లి పిలుపుల్లో పేరు లేనివాడు గుమ్మంలో నిలబడితే రమ్మనదు, పొమ్మనదు. నీ ఎస్ ఉన్న మాట అలా గుమ్మంలోనే నిలబడిపోయింది. మెమరీ 300 దాటింది, 600 దాటింది, అడిగే నాథుడు లేడు.

ఆటోకంప్లీట్ అంటే టైపింగ్ త్వరగా అయ్యే సదుపాయం అని చాలామంది అనుకుంటారు. కాన్ఫిగ్ ఫైల్లో పాతిక లైన్లుంటే ఎక్కువ, అందులో ఏం కలిసొస్తుంది? నేను దాన్ని ప్రూఫులు చూసే మనిషి కింద పెట్టుకున్నాను.

మా నాన్న పర్లాకిమిడిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్. ఒక గోడ వైపు తెలుగు కేసు, ఇంకో గోడ వైపు ఒడియా కేసు. కేసు అంటే అక్షరాలు పెట్టే గళ్ల చెక్క. అచ్చు అయిపోయాక అక్షరాలన్నీ విడదీసి ఏ గడివి ఆ గడిలో తిరిగి వేసేవారు. సాయంత్రం పూట, కళ్లు లాగే వేళ, చుక్క ఉన్న 'థ' పోయి చుక్క లేని 'ధ' గడిలో పడిందనుకో. మర్నాడు 'ధ' కావాలని చెయ్యి పెడితే 'థ' వస్తుంది. నాన్న చెయ్యి సరైన గడిలోకే వెళ్లింది, గడిలో ఉన్నదే తప్పు. నీ వీఎస్ కోడ్‌లో వస్తున్న "ఏవో మాటలు" సరిగ్గా ఇలాంటివి.

ఒకసారి ఆ చిన్న పెట్టె తెరుచుకున్నప్పుడు మాట పక్కనున్న బొమ్మ చూడు. 'ఏబీసీ' అని చిన్నగా ఉంటే ఆ మాటని ఎడిటర్ నీ ఫైల్లోంచే ఏరుకుంది అని అర్థం. నువ్వు అంతకుముందు ఏం రాశావో అదే మళ్లీ నీకు వడ్డిస్తోంది. మొదటి ప్రోగ్రాం దగ్గర తప్పు ఎస్ పెట్టావా, రెండో ప్రోగ్రాం దగ్గరికి వచ్చేసరికి నువ్వు 'మ్యాక్స్' అనగానే ఆ ఎస్‌తో సహా తెచ్చి చేతిలో పెడుతుంది. నీ ఫైల్లో మూడు చోట్లా ఒకే తప్పు ఉందేమో చూసుకో. ఉండే ఉంటుంది. పీఎం2 పట్టికలోంచి వచ్చే మాటకి 'ఏబీసీ' బొమ్మ ఉండదు, వేరే బొమ్మ ఉంటుంది. పక్కన వివరం కూడా వస్తుంది.

కాబట్టి ఏ బటన్ అన్నది తర్వాత. ముందు ఎడిటర్‌కి సరైన కేసు చూపించాలి.

ఆ కేసు పీఎం2తోనే వస్తుంది. దాని ప్యాకేజీలో రకాల ఫైలు ఒకటి ఉంది. ఏ మాటలు చెల్లుతాయి, దేనికి అంకె కావాలి, దేనికి అవును-కాదు కావాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. మరి నీకు ఎందుకు దొరకలేదు? నువ్వు పీఎం2ని గ్లోబల్‌గా, ఆ '-జీ' పెట్టి ఇన్‌స్టాల్ చేసి ఉంటావు. అందరం అలాగే చేస్తాం. నడపడానికి అది చాలు. కానీ వీఎస్ కోడ్ నీ ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఉన్న 'నోడ్_మాడ్యూల్స్'లోనూ, దాని పై ఫోల్డర్లలోనూ వెతుకుతుంది. గ్లోబల్‌గా ఎక్కడో ఉన్న దానికోసం పోదు. అందుకని ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్లి నోడ్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్‌తో పీఎం2ని ఇంకోసారి తెచ్చుకో, '--సేవ్-డెవ్' జోడించి. ముందు 'పీఎం2 --వెర్షన్' కొట్టి కాటా సిస్టంలో ఉన్న వెర్షన్ చూసుకుని అదే తెచ్చుకో. ఇది నీ ఎడిటర్ చదువుకోవడానికే. కాటా కంప్యూటర్‌లో నడిచేది ఆ గ్లోబల్‌దే, దాన్ని కదపకు. ప్యాకేజీ చిన్నదేం కాదు. కొండ మీద వాన పడి నెట్ ఊగుతున్న సాయంత్రం మొదలుపెట్టకు.

ఇప్పుడు ఫైలు. మా పత్రికలో అన్నీ తెలుగు అక్షరాల్లోనే వేస్తారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిదాన్ని, ఫోన్‌లో చెప్పినట్టు వాడుక మాటలో చెప్తాను. గుర్తులు ఉన్నవి ఉన్నట్టే వేశాను, మాటలు నువ్వు ఇంగ్లిష్‌లో కొట్టుకో. ఫైలు మొదట్లో ఇలా ఉండాలి:

// @టీఎస్-చెక్
/** @టైప్ {{ యాప్స్: ఇంపోర్ట్('పీఎం2').స్టార్ట్‌ఆప్షన్స్[] }} */
మాడ్యూల్.ఎక్స్‌పోర్ట్స్ = {

'స్టార్ట్‌ఆప్షన్స్' ఒకే మాట, మధ్యలో ఖాళీ లేదు. అందులో స్టార్ట్‌కి మొదటి ఎస్, ఆప్షన్స్‌కి మొదటి ఓ పెద్దక్షరాలు. తక్కినవన్నీ చిన్నవి. రెండో లైన్ మొదట్లో స్లాష్ తర్వాత స్టార్లు రెండు. ఒక్క స్టార్ పెడితే అది మామూలు కామెంట్ అయిపోతుంది, ఎడిటర్ దాన్ని పట్టించుకోదు. నాకు ఫోన్ చేసేవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ లైన్ మాడ్యూల్ లైన్‌కి సరిగ్గా పైన ఉండాలి, మధ్యలో ఇంకేదీ దూరకూడదు. చదరపు బ్రాకెట్లు రెండు ఖాళీగా ఎందుకంటే, యాప్స్ కింద ఒకటి కాదు, ఎన్ని ప్రోగ్రాములైనా ఉండొచ్చని. నీకు మూడున్నాయి కదా.

ఈ రెండు లైన్లూ కామెంట్లే. నోడ్ వాటిని దాటేసి పోతుంది, పీఎం2కి అవి కనపడవు కూడా. కాటా దగ్గర ఏదైనా తేడా వస్తుందేమోనని భయపడకు. ఎక్స్‌టెన్షన్ కూడా ఏదీ అక్కర్లేదు, జావాస్క్రిప్ట్ చదివే తెలివి వీఎస్ కోడ్‌లో ముందే ఉంది. ఫైలు పేరు చివర మాత్రం '.కాన్ఫిగ్.జేఎస్' ఉండాలి, లేకపోతే పీఎం2 దాన్ని కాన్ఫిగ్ ఫైలుగా గుర్తించదు, నడపాల్సిన ప్రోగ్రామే అనుకుంటుంది. 'ప్యాకేజ్.జేసన్'లో టైప్ దగ్గర మాడ్యూల్ అని రాసుకుని ఉంటే '.కాన్ఫిగ్.సీజేఎస్' అని పెట్టు.

ఇప్పుడు యాప్స్ లోపల, ఒక ప్రోగ్రాం బ్రాకెట్‌లో కర్సర్ పెట్టి 'మ్యాక్స్' కొట్టు. రెండు మాటలూ ఒకదాని కింద ఒకటి వస్తాయి, ఒకటి ఎస్‌తో, ఒకటి ఎస్ లేకుండా. పక్కనున్న వివరం చదివితే మెమరీ మాటకి కె, ఎం, జి అక్షరాలు పెట్టుకోవచ్చని ఉంటుంది. అలాగే 'కిల్_టైమవుట్' మీద మౌస్ ఆనించి చూడు, 1600 అని కనిపిస్తుంది. అది మిల్లీసెకండ్లలో, అంటే సెకండున్నర పైన. ఆపమన్నాక ఆ ప్రోగ్రాంకి అంత గడువు ఇచ్చి, అప్పటికీ ఆగకపోతే బలవంతంగా తీసేస్తుంది. ప్రింటర్‌కి చీటీ పంపుతూ మధ్యలో ఉన్న ప్రోగ్రాంకి ఆ గడువు చాలదని నీకే అనిపిస్తే 5000 అని పెట్టు. 5 అని పెట్టేవాళ్లున్నారు, సెకండ్లు అనుకుని. అప్పుడు రెప్ప వేసేలోపు పీక నొక్కేస్తుంది.

మొదటి లైన్ 'టీఎస్-చెక్' ఎందుకంటే, ప్రూఫు చూసేది అదే. అది లేకపోతే మాటలు అందిస్తుంది గానీ తప్పు రాస్తే ఊరుకుంటుంది. అది ఉంటే నీ ఎస్ ఉన్న మాట కింద ఎర్ర గీత పడుతుంది. దాని మీద మౌస్ పెడితే ఈ మాట స్టార్ట్‌ఆప్షన్స్‌లో లేదు, మీరు రాయాలనుకున్నది 'మ్యాక్స్_మెమరీ_రీస్టార్ట్' కాదు కదా అని ఇంగ్లిష్‌లో అడుగుతుంది. పెట్టుకున్నాక ఒకసారి కావాలనే ఎస్ పెట్టి గీత పడుతుందో లేదో చూడు. పడలేదంటే పైన చెప్పినదాంట్లో ఏదో తప్పింది. ఎక్కువగా ఆ రెండో స్టారే.

ఒక్కోసారి గీత అన్యాయంగా కూడా పడుతుంది. 'ఎన్వ్_' తర్వాత మనం పెట్టుకునే పేర్లు, 'ఎన్వ్_ప్రొడక్షన్' లాంటివి, పీఎం2కి అర్థమవుతాయి. కానీ అక్కడ పేరు మన ఇష్టం కాబట్టి రకాల ఫైలు దాన్ని ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు కంగారుపడి మొదటి లైన్ తీసేయకు. ఆ ఒక్క లైన్‌కి సరిగ్గా పై లైన్‌లో '// @టీఎస్-ఇగ్నోర్' అని పెట్టు, మిగతా ఫైలుకి కాపలా అలాగే ఉంటుంది.

ఇక బటన్. నీ సిస్టంలో ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మూడు కీబోర్డులూ పెట్టుకుని ఉంటావు. మన వైపు ఏ షాపులో చూసినా ఇంతే కదా, షావుకారుకి తెలుగు చీటీ, ఆఫీసు కాగితానికి ఒడియా, ప్రోగ్రాంకి ఇంగ్లిష్. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది, మా ఇంట్లో కీబోర్డు మాత్రం ఇంకా ఏ రాష్ట్రమో తేల్చుకోలేదు. భాష మార్చే ప్రోగ్రాములు కొన్ని, ఎఫ్‌సీఐటీఎక్స్ లాంటివి, కంట్రోల్-స్పేస్‌ని తమ మీటగా వాడుకుంటాయి. నువ్వు నొక్కిన నొక్కు వీఎస్ కోడ్ దాకా రావడమే లేదు, దారిలోనే అది అందుకుంటోంది. రెండు దారులున్నాయి. భాష మార్చే ప్రోగ్రాం సెట్టింగ్స్‌లో ఆ మీట మార్చడం ఒకటి. వీఎస్ కోడ్‌లో కంట్రోల్-కె, వెంటనే కంట్రోల్-ఎస్ కొట్టి, వచ్చిన జాబితాలో 'ట్రిగ్గర్ సజెస్ట్' వెతికి దానికి ఇంకో మీట ఇవ్వడం ఇంకొకటి. నేను రెండోదే చేశాను, ఆల్ట్-స్లాష్ పెట్టుకున్నాను. ఇన్నేళ్లుగా కంట్రోల్-స్పేస్‌తో ఒడియాకి అలవాటుపడ్డ చేతిని మార్చడం నావల్ల కాలేదు.

ఇంకో మాట. మీ ఫ్రెండ్ లాప్‌టాప్‌లో "అదే వచ్చేస్తుంది" అన్నావు. వచ్చింది చిన్న పెట్టెలోనా, లేక టైప్ చేస్తున్న లైన్‌లోనే బూడిద రంగు అక్షరాల్లోనా? బూడిద రంగువి అయితే అది ఏఐ ఊహ. ఎక్కడెక్కడో చూసిన ఫైళ్లను బట్టి ఇక్కడ ఇది ఉంటే బాగుంటుందని రాసేస్తుంది. మూడొంతులు బాగానే రాస్తుంది, కాదనను. కానీ లేని మాటని కూడా ఉన్నంత ధీమాగా రాస్తుంది. పెట్టెలో వచ్చేది పట్టికలోది. రెండూ పెట్టుకున్నా పర్లేదు, ఎర్ర గీత కాపలా ఉంటే బూడిద అక్షరాల తప్పు కూడా అక్కడే దొరుకుతుంది.

పట్టికలో ఉంది కదా అని కనపడ్డ ప్రతి మాటా ఎంచుకోకు. ఇది నా సొంత గోల. ఇక్కడ ఒక జీడిపప్పు వ్యాపారికి బిల్లింగ్ ప్రోగ్రాం పెట్టాను. జాబితాలో 'వాచ్' కనపడింది. ఫైలు మారితే ప్రోగ్రాం దానంతట అదే రీస్టార్ట్ అవుతుందట, ఎంత సుఖం అనుకుని అవును అని పెట్టేశాను. బిల్లుల పీడీఎఫ్‌లు ఆ ఫోల్డర్‌లోనే సేవ్ అవుతాయన్నది నాకు తట్టలేదు. ఒక బిల్లు సేవ్ అయితే ఫోల్డర్ మారినట్టే, ఫోల్డర్ మారితే రీస్టార్ట్. రెండో మనిషి బిల్లు సగంలో ఉండగా స్క్రీన్ ఖాళీ. "ఏటమ్మా, మీ కంప్యూటరు బిల్లుకోసారి కునుకు తీస్తోందేటి?" అన్నాడాయన, డబ్బాలు కొనడానికి వచ్చినవాళ్ల ముందే. స్పెల్లింగ్ తప్పు లేదు, ఎర్ర గీత లేదు, మాట పట్టికలోదే. తర్వాత 'ఇగ్నోర్_వాచ్'లో బిల్లుల ఫోల్డర్ రాశాను. ఇంకో వారానికి వాచ్‌నే తీసేశాను. నడుస్తున్న షాపులో అది అక్కర్లేదు.

నీకు ఇలాంటి గొయ్యి 'ఇన్‌స్టెన్సెస్' దగ్గర ఉంది. దానికి 'మ్యాక్స్' ఇస్తే ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లుంటే అన్ని కాపీలు నడుస్తాయి. వెబ్‌సైటుకి మంచిదే. కాటా ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ వచ్చేది ఒక్క పోర్టుకి. ఆ ఒక్క పోర్టు కోసం నాలుగు కాపీలు కొట్టుకుంటే ఒకదానికి బరువు, మూడింటికి ఎర్రర్. బరువు ప్రోగ్రాంకి ఫోర్క్ మోడ్, ఒకే కాపీ. ఇది ఏ ఎడిటరూ చెప్పదు, కేబుల్ చూసినవాడే చెప్పాలి.

చివరగా, ఫైలు సరిచేశాక 'పీఎం2 రీస్టార్ట్' అని ప్రోగ్రాం పేరు కొట్టి ఊరుకోకు. పేరుతో రీస్టార్ట్ చేస్తే ఫైలుని మళ్లీ చదవదు, పాత సంగతులతోనే లేస్తుంది. కాటా మీద బండి లేని వేళ చూసుకుని ఆ ప్రోగ్రాంని డిలీట్ చేసి, కాన్ఫిగ్ ఫైలు పేరుతో స్టార్ట్ చేసి, 'పీఎం2 సేవ్' కొట్టు. సేవ్ మర్చిపోతే కరెంటు పోయి వచ్చాక పాత జాబితాయే లేస్తుంది. ఆ తర్వాత 'పీఎం2 ప్రెట్టీలిస్ట్' కొట్టి పెద్ద చిట్టాలో 'మ్యాక్స్_మెమరీ_రీస్టార్ట్' ఎక్కడుందో వెతుకు. నువ్వు 300ఎం అని రాస్తే అక్కడ 314572800 అని బైట్లలో ఉండాలి. ఆ అంకె కనపడితే పీఎం2 నీ మాట విన్నట్టు. మెమరీని అది 30 సెకండ్లకోసారి చూసుకుంటుంది కాబట్టి, సరిగ్గా 300 దాటిన క్షణమే రీస్టార్ట్ కాలేదేంటని మళ్లీ ఉత్తరం రాయకు. మెమరీ అసలు ఎందుకు పెరుగుతోందో కూడా తీరిక చూసుకుని వెతుకు. సీరియల్ నుంచి వచ్చిన ప్రతి రీడింగునీ ఏదో జాబితాలో దాచిపెట్టి ఎప్పటికీ ఖాళీ చేయడం లేదని నా అనుమానం.

ప్రశ్న (బరంపురం, గంజాం జిల్లా నుంచి ఒక పాఠకురాలు): నేను పీఎం2 కాన్ఫిగ్‌ని జావాస్క్రిప్ట్‌లో కాకుండా యామ్ల్ అనే సెట్టింగుల ఫైలు రకంలో రాస్తాను. రెడ్ హ్యాట్ వారి యామ్ల్ ఎక్స్‌టెన్షన్ వేసుకున్నాను. అయినా మాటలు రావడం లేదు. ఫైలు పేరు మా కోచింగ్ సెంటర్ పేరే పెట్టాను.

జవాబు: అమ్మా, పేరే అడ్డు. ఆ ఎక్స్‌టెన్షన్ స్కీమాస్టోర్ అనే ఉమ్మడి భండారం నుంచి పట్టికలు తెచ్చుకుంటుంది. ఏ ఫైలుకి ఏ పట్టికో ఫైలు పేరుని బట్టి తేల్చుకుంటుంది. 'ఎకోసిస్టమ్.వైఎంఎల్' అని పెడితే పీఎం2 పట్టిక దానంతట అదే తగులుకుంటుంది. మీ సెంటర్ పేరు దానికేం తెలుసు?

పేరు మార్చడం ఇష్టం లేకపోతే, ఫైలు తెరిచి ఉండగా కింద స్టేటస్ బార్‌లో స్కీమా, అంటే పట్టిక, లేదని చెప్పే చోట నొక్కి, జాబితాలో పీఎం2ది ఎంచుకోండి. గుణుపురం తమ్ముడికి చెప్పినట్టు కావాలనే ఒక తప్పు మాట రాసి చూడండి. యామ్ల్‌లో మాటలు అందించడం వేరు, తెలియని మాటని పట్టుకోవడం వేరు. పట్టిక రాసినవాళ్లు ఇవి తప్ప ఇంకేవీ కుదరవు అని గట్టిగా రాసి ఉంటేనే గీత పడుతుంది. పడకపోతే నా సలహా జావాస్క్రిప్ట్ ఫైలుకి మారిపోవడమే. యామ్ల్‌లో ట్యాబ్ కొట్టకూడదు, ఖాళీలు లెక్కపెట్టాలి. నాకు ఆ ఓపిక ఎప్పుడూ లేదు.

ప్రశ్న (సిరోంచ, గడ్చిరోలి జిల్లా నుంచి): మాకు పీఎం2 లేదు, లైనక్స్‌లోనే ఉండి ప్రోగ్రాములు లేపే సిస్టండీయే. జెరాక్స్ షాపులో బిల్లింగ్ ప్రోగ్రాం దానంతట అది లేచేటట్టు సర్వీస్ ఫైలు రాసిన. పడిపోతే 10 సెకన్లు ఆగి లేవాలె. కానీ ఆగకుండా టకటకా లేచి, ఐదారు సార్లు కాంగనే మొత్తం బందయితున్నది. రాసేది టెర్మినల్‌లో తెరుచుకునే చిన్న ఎడిటర్ నానోలోనే. అందులో ఆటోకంప్లీట్ ఎట్లా?

జవాబు: నానోలో దానికోసం పాకులాడొద్దు. మీ ఫైలు ఉత్తరంలో పెట్టారు కాబట్టి చెప్తున్నా, మీరు 'రీస్టార్ట్‌సెక్స్' అని రాశారు. ఉండాల్సింది 'రీస్టార్ట్‌సెక్'. ఇక్కడా అదే ఎస్. ఈ నెల ఉత్తరాలన్నిటికీ దాని గ్రహమే పట్టినట్టుంది. మీ లైన్ చెల్లలేదు కాబట్టి 10 సెకండ్లకి బదులు దాని మామూలు గడువు 100 మిల్లీసెకండ్లతోనే లేపుతోంది. 10 సెకండ్ల లోపల 5 సార్లు లేపి, ఇక నావల్ల కాదని వదిలేస్తోంది. అదీ దాని మామూలు లెక్కే.

సిస్టండీ ఒక విషయంలో నయం. తెలియని మాట కనపడితే అది కూడా వదిలేస్తుంది గానీ, వదిలేశానని లాగ్‌లో ఒక లైన్ రాసి వదిలేస్తుంది. ఆ లైన్ ఎవరూ చూడరు, అది వేరే సంగతి. ఫైలు సేవ్ చేశాక 'సిస్టండీ-అనలైజ్ వెరిఫై' అని కొట్టి, పక్కన మీ సర్వీస్ ఫైలు పూర్తి దారి ఇవ్వండి. సర్వీస్ సెక్షన్‌లో ఫలానా మాట తెలియదు, వదిలేస్తున్నాను అని లైన్ నంబరుతో చెప్తుంది. సరిచేసి, 'సిస్టంసీటీఎల్ డీమన్-రీలోడ్' కొట్టి, సర్వీస్‌ని రీస్టార్ట్ చేయండి. రీలోడ్ చేయకపోతే పాత ఫైలే దాని బుర్రలో ఉంటుంది.

ప్రాణహిత ఒడ్డున మీ సిగ్నల్ ఎలా ఉంటుందో ఉత్తరంలోనే రాశారు. ఈ వెరిఫై నెట్ లేకుండా కూడా నడుస్తుంది.